అరవై పటాలు

మనిషి బొమ్మ గీయడం ఎంత కష్టమో గీయడానికి కూర్చున్నవారికే తెలుస్తుంది. చెట్టు బొమ్మలో ఒక కొమ్మ వంకర పోయినా చూపరి తప్పు పట్టడు. ఆ చెట్టు అట్లాగే ఉన్నదేమో అనుకుంటాడు. కొండ కాస్త కుంగినా, మేఘం కాస్త పెరిగినా అడిగేవారుండరు. మనిషి చేయి బెత్తెడు పొట్టిదైతే మాత్రం, చిత్రకళ అన్న మాట వినని పసివాడు కూడా ఫక్కున నవ్వుతాడు. పుట్టినది మొదలు మనుషుల నడుమ మెలగిన కన్ను అది. దానిని మోసగించడం సాధ్యం కాదు. అందుకే మన శిల్పులు ముఖం పొడవును ఒక తాలంగా గ్రహించి, ఆ కొలతతో శరీరమంతటినీ లెక్కకట్టారు. నవతాల ప్రమాణమంటే విగ్రహం ఎత్తు తొమ్మిది ముఖాల పొడవన్నమాట. ఐరోపా చిత్రకారులు కూడా ఇటువంటి లెక్కలను తరతరాలుగా వల్లెవేశారు. అయితే లెక్క తెలిసినంతమాత్రాన చేయి మాట వినదు.

ఈ విద్యను ఇరవై ఏడేళ్ల వయసులో, పక్కన గురువు లేకుండా, ఒక బొగ్గుగనుల పల్లెలో ప్రారంభించిన విద్యార్థి ఒకడున్నాడు. అతని పేరు విన్సెంట్ వాన్ గో. నేడు ఆ పేరు చెప్పగానే పొద్దుతిరుగుడు పూలు, సుడులు తిరిగే నక్షత్రాల ఆకాశం కళ్ల ముందు నిలుస్తాయి. ఆ రంగుల వెనుక, చేత పెన్సిలు, బొగ్గు పట్టుకొని కూలీలను, ముసలివారిని, కుట్టుపని చేసుకునే స్త్రీలను గీస్తూ, చెరుపుతూ, మళ్లీ గీస్తూ గడిపిన సంవత్సరాలున్నాయి. వాటిని తలచుకునేవారు తక్కువ.

విన్సెంట్ 1853 మార్చి 30న నెదర్లాండ్స్ దేశంలోని జుండెర్ట్ గ్రామంలో, ఒక మతాచార్యుని ఇంట జన్మించాడు. పదహారవ ఏట చిత్రపటాలను విక్రయించే గూపిల్ సంస్థలో కొలువుకు కుదిరాడు. హేగ్, లండన్, పారిస్ నగరాలలో పనిచేశాక 1876లో ఆ ఉద్యోగం పోయింది. తరువాత ఇంగ్లండులో బడిపంతులయ్యాడు. పుస్తకాల దుకాణంలో గుమాస్తా అయ్యాడు. మతశాస్త్రం చదవబోయి నడుమనే వదిలేశాడు. బెల్జియంలోని బోరినాజ్ గనుల ప్రాంతంలో మతబోధకుడుగా చేరితే, 1879లో అక్కడా పని నుంచి తప్పించారు. చేపట్టిన పని ఏదీ నిలవని కొడుకును చూసి తండ్రి కుమిలిపోయాడు. తోడబుట్టిన థియోకూ అతనికీ నడుమ కొంతకాలం ఉత్తరాలు కూడా ఆగిపోయాయి. ఇంటి పెద్దకొడుకు, చేతిలో చిల్లిగవ్వ లేదు, చెప్పుకోవడానికి వృత్తి లేదు. 1880 వేసవిలో చిత్రకారుడు కావాలని అతడు నిశ్చయించుకున్నప్పుడు, అయినవారికి అది మరొక పిచ్చిగా తోచి ఉంటే అందులో వింత లేదు.

ఆ ఆగస్టులో క్వెమ్ అనే పల్లె నుంచి అతడు తమ్మునికి ఉత్తరం రాశాడు. మిలే అనే ఫ్రెంచి చిత్రకారుడు గీసిన పొలం పనుల చిత్రాల ముద్రణలు పంపమని అందులో అడిగాడు. హేగ్‌లోని పాత పైఅధికారిని అడిగి, శార్ల్ బార్గ్ రూపొందించిన చిత్రలేఖన పాఠాలను ఎరువు తెప్పించుకున్నాడు. వాటిలో ఒక భాగం అరవై పటాలు. ఒక్కొక్క పటంలోనూ ఒక్కొక్క నగ్నదేహం. చాలావాటిలో రంగు లేదు, నేపథ్యం లేదు, గీత మాత్రమే ఉంటుంది. భుజం ఎక్కడ ముగుస్తుంది, నడుము ఎక్కడ వంగుతుంది, బరువు ఏ కాలి మీద నిలుస్తుంది అన్నది ఆ గీత చెబుతుంది. విన్సెంట్ ఉండే ఇల్లు ఒక గని కార్మికునిది. ఆ ఇంటి పిల్లలు పడుకునే చిన్న గదిలోనే అతని మంచం కూడా. వెలుతురు చాలని ఆ గదిలో, వీలైనప్పుడు పెరటి తోటలో, అతడు అరవై పటాలకూ నకళ్లు తీశాడు. అయిపోయాక మళ్లీ మొదటి పటం నుంచి ప్రారంభించాడు. చేయి తిరగాలంటే రాసిందే రాయించే మన వీధిబడుల పద్ధతికి ఇది దూరమైనది కాదు.

ఆ అక్టోబరులో బ్రస్సెల్స్ నగరానికి మారాడు. అక్కడ ఆంటన్ వాన్ రాపార్డ్ అనే యువ చిత్రకారునితో స్నేహం కుదిరింది. రాపార్డ్ అతనికంటే ఐదేళ్లు చిన్న, సంపన్నుల బిడ్డ, పద్ధతిగా చిత్రకళ చదువుకున్నవాడు. తన చిత్రశాలలో పనిచేసుకోవడానికి విన్సెంట్‌కు చోటిచ్చాడు. శరీర నిర్మాణ శాస్త్ర గ్రంథం ముందు పెట్టుకొని, అస్థిపంజరాన్ని, దానిమీది కండరాలను పెద్ద కాగితాల మీద ఎత్తి గీయడం విన్సెంట్‌కు అప్పటి నిత్యకృత్యం. చర్మం కింద ఏమున్నదో తెలియక చర్మాన్ని గీయలేమని అతడు గ్రహించాడు.

పటం కదలదు. మనిషి కదులుతాడు. ఆ సంగతి 1881లో తల్లిదండ్రులుండే ఎట్టెన్ గ్రామానికి చేరాక బోధపడింది. పల్లెలోని రైతులను, కూలీలను బతిమాలి, డబ్బులిచ్చి తన ఎదుట నిలబెట్టుకునేవాడు. వారికి ఒకటే పట్టుదల: బొమ్మ గీయించుకోవాలంటే ఆదివారం గుడికి వేసుకువెళ్లే బట్టలే తొడుక్కోవాలి! పండుగనాడు ఫోటో తీయించుకోబోయే మన తాతలు పెట్టెలోంచి మడత నలగని ధోవతి తీసినట్లన్నమాట. విన్సెంట్‌కు కావలసినవి ఆ బట్టలు కావు. రోజూ పనిలో తొడుక్కునే బట్టకు మోకాలి దగ్గర ఒక ఉబ్బు, మోచేతి దగ్గర ఒక ముడత, భుజం మీద ఒక అరుగుదల ఉంటాయి. లోపలి దేహం పైబట్ట మీద చేసిన సంతకాలవి. కొత్తబట్టలో ఆ దేహం కనిపించదు. ఎంత చెప్పినా వారు వినేవారు కారని అతడు తమ్మునితో మొరపెట్టుకున్నాడు. అయినా మట్టి తవ్వేవానిని ఐదుసార్లు గీశాడు. విత్తులు చల్లేవానిని పలుమార్లు గీశాడు. ఆనాటి బొమ్మలలో కష్టం కనిపిస్తుంది కాని, ఆ కష్టం తవ్వేవానిది కాదు, గీసేవానిది. కాళ్లు నేలను తాకీ తాకనట్లుంటాయి. చేతులు పారను పట్టుకున్నట్లు కాక పారకు అతికించినట్లుంటాయి.

ఆ ఏడాది చివర ఆ బొమ్మలన్నిటినీ మూటకట్టుకొని హేగ్ నగరానికి వెళ్లాడు. అక్కడ ఆంటన్ మోవ్ అనే ప్రసిద్ధ చిత్రకారుడు అతనికి బంధువు అవుతాడు; మేనమామ అల్లుడు. మోవ్ బొమ్మలను ఓపికగా తిరగవేశాడు. ప్రోత్సహించాడు. ఒక్క లోపాన్ని మాత్రం వేలుపెట్టి చూపాడు: విన్సెంట్ మోడల్‌కు మరీ దగ్గరగా కూర్చుంటున్నాడు. దగ్గరగా కూర్చున్నవానికి ముఖం కనిపిస్తుంది, తరువాత చేయి కనిపిస్తుంది, తరువాత పాదం కనిపిస్తుంది, మనిషి కనిపించడు. ఒకదానితో ఒకటి పోల్చి కొలవడానికి చూపు చాలదు. అందువల్లనే తల ఒక కొలతలోనూ కాళ్లు వేరొక కొలతలోనూ వస్తున్నాయి. నాలుగడుగులు వెనక్కి జరగాలి. అందుకు విశాలమైన గది కావాలి. నెలల తరబడి ప్రయాసలో తనకు తోచని కారణాన్ని, తెలిసినవాడు నిమిషంలో చెప్పాడు. తనకు తానే గురువైనవానికి ఉండే ఇబ్బంది ఇదే. తప్పు జరుగుతున్నదని తెలుస్తుంది, ఎక్కడినుంచి వస్తున్నదో తెలియదు. విన్సెంట్ ఆ సలహాను శిరసావహించాడు. పెద్దగది వెతుక్కోవాలని ఆ ఉత్తరంలోనే తమ్మునికి రాశాడు.

అంత మంచి గురుశిష్య సంబంధం నాలుగు నెలలు కూడా నిలవలేదు. 1882 తొలి నెలలలో మోవ్ అతనిని ప్లాస్టర్ బొమ్మలు చూసి గీయమన్నాడు. కళాశాలలలో అది ఆచారం. ప్లాస్టర్ బొమ్మ అలసిపోదు, కదలదు, కూలి అడగదు, వెలుగునీడలను నిలకడగా చూపుతుంది. విన్సెంట్‌కు ఆ మాట ములుకులా తగిలింది. ఊపిరి పీల్చే మనుషులు వీధినిండా ఉండగా చచ్చిన సున్నపుముద్దలను గీయడమా? ఇంటికి వెళ్లి ఆ ప్లాస్టర్ చేతులను, పాదాలను బొగ్గుల డబ్బాలోకి విసిరికొట్టాడు, అవి పగిలిపోయాయి. అవి తిరిగి అతుక్కొని తెల్లబడిననాడు, లోకంలో గీయడానికి బతికిన మనుషుల చేతులూ పాదాలూ మిగలనినాడు గీస్తానని తనలో అనుకున్నట్లు తమ్మునికి రాశాడు. మోవ్ అతనిని దూరం పెట్టాడు. సియెన్ అనే నిరుపేద స్త్రీని విన్సెంట్ చేరదీయడం కూడా ఆ ఎడబాటుకు తోడైంది. ఈ తగవులో న్యాయం ఎవరివైపు ఉన్నదంటే తేల్చిచెప్పడం కష్టం. బతికిన మనిషిని గీయాలన్న శిష్యుని పంతం తప్పు కాదు. ముందు కదలని వస్తువు మీద కన్ను కుదురుకోవాలన్న గురువు మాటా తప్పు కాదు. పగిలిన బొమ్మల ఖరీదు మాత్రం శిష్యుడే చెల్లించుకున్నాడు. మోవ్ వంటి కన్ను మళ్లీ అతనికి దొరకలేదు.

ఇక చెప్పేవారు లేరు గనుక, కొలిచే సాధనాన్ని తానే చేయించుకున్నాడు. చెక్కతో ఒక చట్రం. దాని మధ్య నిలువుగా, అడ్డంగా, మూలలకు బిగించిన దారాలు. నేలలో దిగవేసిన రెండు గుంజలకు ఆ చట్రాన్ని తగిన ఎత్తులో నిలిపి, కిటికీలోంచి చూసినట్లు దారాల నడుమ నుంచి దృశ్యాన్ని చూస్తాడు. ఏ గీత ఏ దారాన్ని ఎక్కడ దాటుతున్నదో కాగితం మీద గుర్తుపెడతాడు. వడ్రంగికి, కమ్మరికి ఇచ్చిన డబ్బు అతనికి తిండి ఖర్చులోంచి మిగిల్చినదే. ఆ డబ్బు కూడా థియో పంపినది. ఆ ఏడాది వృద్ధాశ్రమంలోని ముసలివారు అతనికి నిలకడగా మోడల్స్‌గా దొరికారు. వారిలో ఒక బట్టతల వృద్ధుడు కుర్చీలో కూర్చొని, మోచేతులు మోకాళ్లకు ఆనించి, ముఖాన్ని పిడికిళ్లలో దాచుకున్న చిత్రం 1882 నవంబరులో గీసినది. ముఖం కనిపించదు. ఆ వంగిన వీపే ముఖంగా మారింది. ఏడాది కిందట పారకు అతుక్కున్నట్లున్న చేతులు, ఇక్కడ తల బరువును నిజంగానే మోస్తున్నాయి.

1883 డిసెంబరులో అతడు మళ్లీ తల్లిదండ్రుల పంచన, న్యూనెన్ గ్రామానికి చేరాడు. ఒక చలికాలమంతా రైతుల తలలు చిత్రించాడు. యాభై తలలు వేయాలని అతని పంతం. ఆ సాధన ఫలంగా 1885 వసంతంలో బంగాళాదుంపలు తినే కుటుంబం చిత్రం రూపొందింది. దీపం కింద బల్ల చుట్టూ ఐదుగురు. మట్టిని తవ్విన చేతులతోనే పళ్లెంలోకి చేయి చాస్తున్నారు. 82 సెంటీమీటర్ల ఎత్తు, 114 సెంటీమీటర్ల వెడల్పు గల ఆ చిత్రం మీద విన్సెంట్ తన ఐదేళ్ల శ్రమనంతా పణంగా పెట్టాడు. దానిని రాతిమీద కూడా గీసి, అచ్చు ప్రతులు తీయించి ఒకటి రాపార్డ్‌కు పంపాడు.

మే 24న రాపార్డ్ జవాబు రాశాడు. అది స్నేహితుని ఉత్తరంలా లేదు, న్యాయమూర్తి తీర్పులా ఉన్నది. కుడివైపు మనిషికి మోకాలు, పొట్ట, ఊపిరితిత్తులు ఉండవద్దా అని అడిగాడు. అతని చేయి ఒక మీటరు పొట్టిదన్నాడు. ముక్కు సగం లేదన్నాడు. ఎడమవైపు స్త్రీ ముక్కు, చివర చిన్న ఘనాన్ని తగిలించిన చుట్టగొట్టపు కాడలా ఉన్నదని ఎద్దేవా చేశాడు. ఇటువంటి పనిని శ్రద్ధగా చేసినట్లు ఎట్లా నమ్మాలన్నాడు. విన్సెంట్ తండ్రి చనిపోయి అప్పటికి రెండు నెలలే అయింది. అతడు ఆ ఉత్తరాన్ని దగ్గర ఉంచుకోలేదు. నాలుగు ముక్కలు జతచేసి వచ్చినచోటికే తిప్పి పంపాడు. ఆ వేసవిలో ఇద్దరి నడుమ వాదప్రతివాదాలు నడిచాయి. ఐదేళ్ల స్నేహం ఆ ఏడాది దాటలేదు. రాపార్డ్ మాత్రం విన్సెంట్ తనకు రాసిన ఉత్తరాలను పారవేయలేదు. యాభైకి పైగా ఉత్తరాలు అట్లా లోకానికి దక్కాయి.

ఆ తిట్లలో నిజం లేదా? ఉన్నది. అచ్చుప్రతిని చూసినవారు ఆ చేయి పొట్టిదని ఒప్పుకోక తప్పదు. పారిస్‌లో సెర్రే అనే వృద్ధ చిత్రకారుడు కూడా బొమ్మల నిర్మాణంలో లోపాలున్నాయన్నట్లు థియో ద్వారా తెలిసింది. విన్సెంట్ తమ్మునికిచ్చిన సమాధానం ఆలోచింపదగినది. తవ్వేవానిని ఫోటో తీస్తే అతడు ఖచ్చితంగా తవ్వుతున్నట్లు ఉండడనీ, తనకు కావలసింది ఆ రకం ఒప్పు కాదనీ, నిజంకంటే నిజమైన తప్పులు చేయడం నేర్చుకోవాలనీ అతని వాదం. చేతకాని ప్రతివాడూ ఈ మాట వెనుక దాక్కోవచ్చు. విన్సెంట్ దాక్కోలేదని చెప్పడానికి ఆ వేసవిలో గీసిన బొమ్మలే సాక్ష్యం.

నోటితో ఒప్పుకోని విమర్శను అతని చేయి ఒప్పుకున్నది. ప్రాచీనులు గీతనుంచి కాక నడుమనుంచి మొదలుపెట్టేవారని దెలాక్రా చెప్పినట్లు ఆ రోజులలోనే ఒక పుస్తకంలో చదివాడు. అంటే ముందు అంచుగీత గీసి లోపల నింపడం కాదు. తలకు, వీపుకు, తొడకు ముందుగా గుండ్రని, కోలగా ఉండే ముద్దలను ఊహించి, వాటినుంచి అంచుకు రావాలి. కుమ్మరి మట్టిముద్దను లోపలినుంచి ఒత్తుకుంటూ కుండ అంచుకు వచ్చినట్లన్నమాట. అంతవరకు అతని మనుషులు కాగితంలోంచి కత్తిరించినట్లు బల్లపరుపుగా ఉండేవారు. 1885 వేసవిలో నల్ల సుద్దతో గీసిన కోతగాళ్లు, పరిగె ఏరుకునే స్త్రీలు, తవ్వే కూలీలు అట్లా లేరు. పరిగె ఏరుతూ వంగిన ఒక స్త్రీ వెనుకనుంచి కనిపిస్తుంది. నేలను తాకే చేతిదాకా ఆమె బరువంతా వీపులో, తుంటిలో, మడమలలో తెలుస్తుంది. రాపార్డ్ అడిగిన పొట్ట, మోకాలు, ఊపిరితిత్తులు అన్నీ ఆ బట్టల కింద ఉన్నాయి. ఆ బొమ్మలను చూపి నీవు చెప్పింది నిజమేనని విన్సెంట్ అతనికి రాసి ఉంటే బాగుండేది. రాయలేదు. అభిమానధనులకు అది అంత సులభం కాదు.

1886 జనవరిలో ఆంట్వెర్ప్ కళాశాలలో చేరి, ఒకనాడు బొగ్గుల డబ్బాలో పగలగొట్టిన ప్లాస్టర్ బొమ్మలనే కోరి గీయడం ఇంకొక విచిత్రం. వాటిని శ్రద్ధగా చూసి, ప్రాచీనులకు దేహం మీద ఎంత పట్టు ఉన్నదోనని ఆశ్చర్యపోయాడు. అయినా గొడవ తప్పలేదు. వీనస్ విగ్రహానికి తుంటి వెడల్పు చేసి గీశాడనీ, అధ్యాపకుడు కాగితం చిరిగేటంత గట్టిగా దిద్దాడనీ, నిజమైన స్త్రీ ఎట్లా ఉంటుందో మీకు తెలియదని విన్సెంట్ అరిచాడనీ తోటి విద్యార్థి ఒకరు చాలాకాలం తరువాత చెప్పారు. అతనిని కింది తరగతికి దించాలని కళాశాల నిర్ణయించేనాటికి, అతడు పారిస్‌లో తమ్ముని గదిలో ఉన్నాడు. అక్కడ కొత్త చిత్రకారుల పరిచయంతో అతని పటాలలోకి రంగులు ప్రవహించాయి. తక్కిన కథ లోకవిదితం.

అంత రంగు నేర్చిన తరువాత కూడా, న్యూనెన్‌లో వేసిన బంగాళాదుంపల చిత్రమే తన పనులన్నిటిలో మేలైనదని 1887లో చెల్లెలికి రాశాడు. సాన్ రెమీ చికిత్సాలయంలో ఉన్నప్పుడు మోడల్స్ దొరకక, క్వెమ్ పల్లెలో నకలు తీసిన మిలే పొలంపనుల చిత్రాలనే మళ్లీ ముందు పెట్టుకొని రంగులలో వేశాడు. పిడికిళ్లలో ముఖం దాచుకున్న ముసలివానిని కూడా 1890 మే నెలలో నీలిబట్టలతో చిత్రించాడు.

ఆ నెలలోనే పారిస్ సమీపంలోని ఓవేర్ గ్రామానికి చేరాడు. పొద్దుతిరుగుడు పూలు, నక్షత్రాల రాత్రి అప్పటికే పూర్తయి ఉన్నాయి. జూన్ మొదటివారంలో తమ్మునికి ఒక ఉత్తరం రాశాడు. దేహ ప్రమాణాలను, నగ్నరూపాలను నిరంతరం సాధన చేయకపోతే ముందు ముందు ఇబ్బంది పడవలసి వస్తుందని అందులో ఉన్నది. నెలరోజులలో గీసేస్తానంటూ, బార్గ్ పాఠాలలోని ఆ అరవై పటాలను మరొకసారి పంపమని తమ్ముణ్ణి అడిగాడు.